కొల్లేటి ప్రాంతమున శరదారంభ వాతావరణము: ప్రజారోగ్య విషయమున స్థానికాధికారులు గమనింపదగిన యంశములు

వర్షము వెలిసినంతనే గండము గడచినదని తలంచుట సహజము. కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ నున్న కొల్లేటి పరిసరములందు మాత్రము ఈ తలంపు ప్రమాదకరమైనది. ఇచ్చట ఆకాశము తేటపడిన కొన్ని దినములకు సరస్సు పొంగుట గలదు. సరస్సు తగ్గిన కొన్ని వారములకు జ్వరములు హెచ్చుట గలదు. కావున భాద్రపదాశ్వయుజ మాసములలో ఈ ప్రాంతపు వాతావరణ సూచనను చదువునపుడు వాన యెప్పుడు కురియునను ప్రశ్నతోడనే తృప్తి నొందరాదు. ఆ నీరు ఎప్పుడు చేరును, ఎప్పుడు పోవును, పోయిన పిదప నేమి విడిచిపెట్టును అను ప్రశ్నలను గూడ వేసికొనవలయును. పురపాలక సంఘముల యధికారులకును, 1985వ సంవత్సరమున తాలూకాలకు బదులుగా నేర్పడిన మండలముల యధికారులకును ఉపయోగించునట్లు ఆ విషయములు ఈ క్రింద వివరింపబడుచున్నవి.

1. సరస్సు స్వరూపము

కొల్లేరు లోతు మిక్కిలి తక్కువైన మంచినీటి సరస్సు. సముద్రమట్టమునకు 5 అడుగుల యెత్తువఱకు నీరు నిలిచినపుడు దాని వైశాల్యము 308 చదరపు కిలోమీటర్లు; 10 అడుగుల యెత్తువఱకు నిలిచినపుడు 901 చదరపు కిలోమీటర్లు. అనగా మట్టము 5 అడుగులు హెచ్చినచో నీరు క్రమ్ము నేల దాదాపు మూడు రెట్లగును. లోతైన జలాశయమున ఒక యడుగు నీరు పెరిగినచో గట్టు తడియును. కొల్లేట ఒక యడుగు నీరు పెరిగినచో ఊరి దారి మునుగును.

ఈ సరస్సునకు నీరు తెచ్చునవి పెక్కు గలవు. మైలవరము ప్రాంతపు కొండలయందు పుట్టిన బుడమేరు విజయవాడ పార్శ్వమున ప్రవహించి వచ్చి చేరును. ఎగువ మెట్ట ప్రాంతములనుండి దిగు తమ్మిలేరు ఏలూరు పట్టణమును రెండు పాయలుగా చుట్టి కలియును. రామిలేరును, డెల్టా పొలముల మురుగునీటి కాలువలును వీనికి తోడు. నీటిని వెడలగొట్టునది మాత్ర మొక్కటే. అది సుమారు 60 కిలోమీటర్ల దూరము వంకర టింకరగా పోయి బంగాళాఖాతమున గలియు ఉప్పుటేరు.

ఉప్పుటేటి వాలు స్వల్పము. సముద్రపు పోటు వచ్చినపుడు నీరు వెనుకకు త్రోయబడును. పౌర్ణమి, అమావాస్యలకును వాని మఱుసటి ఒకటి రెండు దినములకును పోటు బలముగా నుండును. ఆ తిథులయందే తూర్పుగాలి గట్టిగా వీచినచో సరస్సు నీరు పోవుటకు మఱింత యాలస్యమగును. గుఱ్ఱపుడెక్క కమ్ముకొనుటయు, అడ్డముగా వేసిన చేపల చెఱువుల గట్లును ప్రవాహమును మందగింపజేయును. 1999లో 5 అడుగుల మట్టమువఱకు గల భాగము వన్యప్రాణి రక్షిత ప్రదేశముగా ప్రకటింపబడినది. 2006లో ప్రభుత్వము వారు అందలి చెఱువుల గట్లను పెద్దయెత్తున తొలగించుటకు గల కారణములలో నీ యడ్డంకియు నొకటి.

ఈ స్వరూపమునుబట్టి తేలు ముఖ్యాంశ మిది: కొల్లేటి గ్రామములలో వాన కొలత సాధనము చూపు సంఖ్యకును, ఆ గ్రామములకు వచ్చు ముంపునకును నేరుగా సంబంధము లేదు. ఎగువ జిల్లాల వర్షమే దిగువ గ్రామముల వరద. 2022లో జిల్లాలు పునర్విభజింపబడిన పిదప సరస్సు ఏలూరు జిల్లాలో నున్నది. బుడమేటి యెగువ భాగము ఎన్.టి.ఆర్. జిల్లాలో నున్నది. కాబట్టి కైకలూరు, మండవల్లి, ఏలూరు ప్రాంతముల యధికారులు తమ జిల్లా సూచనను మాత్రమే చూచుకొనుట చాలదు.

2. భాద్రపదాశ్వయుజముల వాతావరణము

నైరృతి ఋతుపవనములు కోస్తా నుండి సాధారణముగా అక్టోబరు నడుమ వైదొలగును. ఈశాన్య ఋతుపవనముల యారంభమునకు అక్టోబరు 20వ తేదీ ప్రాంతము సామాన్యమైన కాలము. కార్తెల లెక్కను సెప్టెంబరు 13, 14 తేదీల ప్రాంతమున ఉత్తరయు, సెప్టెంబరు చివర హస్తయు, అక్టోబరు రెండవ వారమున చిత్తయు ప్రవేశించును. "ఉత్తర చూచి యెత్తర గంప" యను సామెత రైతులయందు ప్రసిద్ధము. సేద్యగానికి ఉత్తర కార్తె యెట్లు నిర్ణయకాలమో, ఈ ప్రాంతపు ఆరోగ్యశాఖకును అట్లే సన్నాహకాలము. ఈ వ్యవధిలో మూడు విధముల వాతావరణము మాఱి మాఱి వచ్చుచుండును.

మొదటిది అల్పపీడన వర్షము. బంగాళాఖాతమున ఏర్పడు అల్పపీడనములును, వాయుగుండములును వాయవ్యదిశగా కదలునపుడు రెండు మూడు దినములు ఎడతెగని వర్షము కురియును. సెప్టెంబరులో పైగాలుల వేగ భేదమువలన ఇవి తుపానులుగా బలపడుట అరుదు. అందుచే గాలి భయము తక్కువ, నీటి భయము ఎక్కువ. అక్టోబరు, నవంబరులలో తుపానుల సంభవము హెచ్చును. 2014 అక్టోబరు 12న విశాఖపట్టణమును తాకిన హుద్‌హుద్, 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన ఈ కాలపు తుపానులకు నిదర్శనములు.

రెండవది విరామకాలము. వర్షములు కొన్నిదినములు నిలిచినపుడు ఎండ తీవ్రమై పగటి యుష్ణము సాధారణముగా 32 నుండి 34 డిగ్రీల సెంటిగ్రేడు వఱకుండును. గాలిలో తేమ యధికమగుటచే ఉక్క భరింపరానిదగును. మధ్యాహ్నము దాటిన పిదప ఉఱుములతో జల్లులు పడును. విశాలమైన నీటిపైనను, వరిపొలములలోను నుండువారికి పిడుగుల యపాయ మీ వేళలయందే మిక్కుటము.

మూడవది సంధికాలము. ఋతుపవనములు వైదొలగునపుడు గాలి స్తంభించును, ఆకాశము నిర్మలమగును, వేకువను మంచు కనబడును, వలస పక్షులు సరస్సునకు రాసాగును. కంటికి ఇది సంవత్సరమునందెల్ల రమ్యమైన సమయము. ప్రజారోగ్యమునకు మాత్రము ఇదియే మిక్కిలి మెలకువ వలసిన సమయము. దాని కారణము 5వ భాగమున చెప్పబడును.

3. సూచనలయందలి పదముల యర్థము

భారత వాతావరణ శాఖ వారు ఉదయము 8.30 గంటలతో ముగియు 24 గంటల వర్షమును లెక్కింతురు. 64.5 నుండి 115.5 మిల్లీమీటర్ల వఱకు భారీ వర్షము; 115.6 నుండి 204.4 వఱకు అతిభారీ వర్షము; అంతకు మించినది అత్యంత భారీ వర్షము. గాలి వేగము గంటకు 31 నుండి 49 కిలోమీటర్లున్నచో వాయుగుండము, 50 నుండి 61 వఱకు తీవ్ర వాయుగుండము, 62 నుండి తుపాను. పసుపు రంగు గమనించుచుండుమని, నారింజ రంగు సిద్ధముగా నుండుమని, ఎఱుపు రంగు వెంటనే చర్య తీసికొనుమని తెలుపును.

ఇందు రెండు పొరపాట్లు కలుగుట గలదు. వాయుగుండ కేంద్రము దూరమున తీరము దాటుచున్నదని తెలిసినపుడు తమకు వర్షము రాదని యనుకొనుట మొదటిది. తమ జిల్లాకు పసుపు రంగు మాత్రమే యున్నదని, ఎగువ జిల్లాకు ఎఱుపు రంగున్నను ఉపేక్షించుట రెండవది. ఈ క్రింది దృష్టాంతములవలన వీని ఫలము విశదమగును.

4. రెండు దృష్టాంతములు

2020 అక్టోబరు 13వ తేదీ యుదయమున ఒక తీవ్ర వాయుగుండము కాకినాడ సమీపమున తీరము దాటినది. దాని వర్షములకు తమ్మిలేరు పొంగి ఏలూరు పట్టణపు పల్లపు పేటలలో నీరు ప్రవేశించినది. నైరృతి ఋతుపవనములు వైదొలగవలసిన దినములలోనే ఇది సంభవించుట గమనార్హము.

2024 ఆగష్టు 31వ తేదీ రాత్రి మఱియొక వాయుగుండము శ్రీకాకుళము జిల్లాలోని కళింగపట్టణము సమీపమున తీరము దాటినది. ఆ స్థలము విజయవాడకు సుమారు 400 కిలోమీటర్ల దూరము. అయినను విజయవాడ పరిసరములలోను, బుడమేటి పరీవాహమునందును ఆగష్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో అసాధారణ వర్షము కురిసినది. బుడమేటి గట్టునకు గండ్లు పడి, విజయవాడ యుత్తర భాగపు పేటలు పెక్కు మునిగినవి. నగరమున నీరు తగ్గుచున్న దినములలో ఆ నీరే దిగువకు చేరి కొల్లేటి మట్టమును పెంచినది. లంక గ్రామముల దారులు మునిగినవి. నగర వరద వార్త మొదటిదినముననే ప్రపంచమునకు తెలిసినది. దిగువ గ్రామములకు దానివలన లభించినది కొన్ని దినముల వ్యవధి. ఆ వ్యవధిని వినియోగించుకొనుటయే వాతావరణ సూచన యొక్క నిజమైన ప్రయోజనము.

5. వరద పిదప వ్యాధుల క్రమము

వ్యాధులు వరదతో నొక్కమాఱుగా రావు. ప్రతి వ్యాధికిని దాని కాలము గలదు.

నీరు క్రమ్మిన దినములలో పాముకాట్లు, విద్యుదాఘాతములు, నీట మునుగుటలు ముఖ్యము. పాము కఱచినచో కట్లు బిగించుట, గాటు పెట్టుట, మంత్రములకై వేచియుండుట ప్రాణహానికి దారితీయును. విషహరౌషధము గల ఆసుపత్రికి తక్షణము చేర్పవలయును.

తరువాత ఒకటి రెండు వారములలో విరేచన వ్యాధులు బయలుదేరును. కలరా క్రిమి శరీరమున జొచ్చిన కొన్ని గంటలు మొదలు 5 దినములలోపల వ్యాధి కనబడును. సన్నిపాత జ్వరమనబడు టైఫాయిడునకు సాధారణముగా ఒకటి నుండి మూడు వారములు పట్టును. కలుషిత జలమువలన వచ్చు కామెర్లకు రెండు వారములు మొదలు రెండు నెలల వఱకును పట్టుట గలదు. ఎలుకల మూత్రము కలిసిన నీటిలో వట్టికాళ్లతో పనిచేయువారికి వచ్చు లెప్టోస్పైరోసిస్ జ్వరము సాధారణముగా ఒకటి రెండు వారములలో కనబడును.

దోమలవలని జ్వరములు ఇంకను ఆలస్యముగా వచ్చును. ప్రవాహవేగము మొదట దోమపిల్లలను కొట్టుకొనిపోవును. నీరు తీసి గుంటలు మిగిలిన పిదపనే అవి వృద్ధిపొందును. గుడ్డు దోమ యగుటకు సుమారు వారము పది దినములు. దోమ కడుపున మలేరియా క్రిమి పరిపక్వమగుటకు ఈ యుష్ణమున సుమారు పది దినములు. కుట్టిన పిదప జ్వరము వచ్చుటకు మఱి వారము రెండు వారములు. ఇవన్నియు గూడ సుమారొక నెల యగును. తొలి రోగులనుండి ఇతరులకు వ్యాపించుటకు మఱికొంత కాలము పట్టును. కావున వరదకు ఆఱు మొదలు ఎనిమిది వారముల పిదప జ్వరములు మిక్కుటమగుట ఆశ్చర్యము కాదు. దోమకును మలేరియాకును గల సంబంధమును రొనాల్డ్ రాసు 1897 ఆగష్టు 20వ తేదీన సికింద్రాబాదులోనే కనుగొనెను. ఈ లెక్కకు మూలమదియే.

సెప్టెంబరు మొదట వచ్చిన వరదకు అక్టోబరు నడుమ, అనగా నిర్మలాకాశపు సంధికాలమున, జ్వరముల పాలు వచ్చును. అప్పటికి సహాయ శిబిరములు మూయబడి, అదనపు సిబ్బంది మరలిపోయి యుందురు. కొల్లేటి ప్రాంతమున జరుగు ప్రధాన లోపమిదియే.

6. త్రాగునీరు

వరదనీరు సోకిన బావిని, మంచినీటి చెఱువును శుద్ధి చేయక వాడనీయరాదు. బురద కలిసిన నీటిలో క్లోరిను శక్తి వ్యర్థమగును గనుక మొదట పటిక వేసి తేర్చవలయును. ఇండుపగింజను అరగదీసి కలుపుట మన యిండ్లలో పూర్వమునుండి యున్న పద్ధతి. అది నీటిని తేర్చునే గాని క్రిములను చంపజాలదని గృహిణులకు బోధింపవలయును.

నీరు 1,000 లీటర్లకు మేలురకపు బ్లీచింగ్ పౌడరు సుమారు 2.5 గ్రాములు సామాన్య పరిమాణము. వలయాకారపు బావి యందలి నీటిని కనుగొనుటకు వ్యాసమును వ్యాసముతో గుణించి, నీటి లోతుతో గుణించి, 3.14తో గుణించి, 4చే భాగింపవలయును. కొలతలు మీటర్లలో నున్నచో ఫలితమును 1,000చే గుణించిన లీటర్లు వచ్చును. ఉదాహరణకు 3 మీటర్ల వ్యాసమును, 4 మీటర్ల నీటిలోతును గల బావిలో 28,260 లీటర్లుండును. దానికి సుమారు 71 గ్రాములు వలయును. పొడిని కొద్ది నీటిలో కలిపి, సున్నపు మడ్డిని విడిచి, తేటను మాత్రమే బావిలో దింపి కలియబెట్టవలయును. ఒక గంట పిదప క్లోరోస్కోపుతో పరీక్షించినపుడు లీటరునకు 0.5 మిల్లీగ్రాము క్లోరిను మిగిలి యుండవలయును. వరదకు లోనైన నీటికి సామాన్య పరిమాణము తఱచు చాలదు. పరీక్షలో ఆ సంఖ్య వచ్చువఱకు మందు హెచ్చింపవలయును. మూత తీసి యుంచిన పొడి తేమకును వెలుతురునకును బలము కోల్పోవును. గత సంవత్సరపు సంచులను లెక్కలో చూపి నిశ్చింతగా నుండుట తగదు.

జనులు కొనితెచ్చుకొను డబ్బానీటిని నింపు స్థలములను గూడ పరీక్షింపవలయును. శుద్ధి యెచ్చట సందేహాస్పదమో అచ్చట నీటిని తెర్లకాచి త్రాగవలసినదిగా దండోరా వేయింపవలయును.

విరేచనములు ఆరంభమైన వెంటనే రోగికి ఓఆర్ఎస్ ద్రావణ మియ్యవలయును. అది దొరకనిచో కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆఱు చిన్న చెంచాల పంచదారయు, అర చిన్న చెంచా ఉప్పును, తలకొట్టి కొలిచి కలుపవలయును. ఉప్పు హెచ్చుట పసిబిడ్డలకు కీడు.

7. దోమలు

రెండు జాతుల దోమల యలవాట్లు వేఱు. మలేరియా దోమ సామాన్యముగా నేలమీది గుంటలు, కాలువ యంచులు, పొలముల నీటియందు పెరుగును. డెంగ్యూ దోమ యింటి తొట్లు, పాత టైర్లు, కొబ్బరిచిప్పలు, పూలకుండీలు మొదలగువానియందు పెరుగును. వరదవలన కుళాయి నీరు నిలిచినపుడు జనులు ప్రతి పాత్రను నింపి దాచుకొందురు. అందుచే వరద సోకని పేటలందును డెంగ్యూ వచ్చుట గలదు. గుడ్డు దోమ యగుటకు వారమునకు పైబడునుగనుక వారమున కొకదినము నియమించి ప్రతి పాత్రను బోర్లించి తోమి ఆరవేయించుట పొగయంత్రముకంటె మేలు. వీధిలో పొగ కనబడుట ప్రజలకు ధైర్యమిచ్చును. గాని తొట్టిలోని పిల్లదోమను అది చంపదు.

8. చేపల చెఱువులు

మబ్బు క్రమ్మి గాలి స్తంభించిన దినములలో నీటిలోని పచ్చనాచు తగినంత ప్రాణవాయువు నుత్పత్తి చేయజాలదు. తెల్లవాఱుజామున చేపలు పైకి వచ్చి నోరు తెఱచుటయు, పెక్కు చచ్చుటయు సంభవించును. చచ్చిన చేపలను కాలువలలో పాఱవేసినచో దిగువ గ్రామములు త్రాగునీరు పట్టుకొను తావులు చెడిపోవును. నీటిపట్టులకు దూరముగా మెరక నేలలో గోతులు త్రవ్వించి సున్నముతో పూడ్పించుట పంచాయతీల బాధ్యత. చచ్చిన పశువుల విషయమునను ఇదే పద్ధతి. మబ్బు దినములు వరుసగా రానున్నవని సూచన వచ్చిన వెంటనే చెఱువుల యజమానులకు తెలియజేసినచో వారికిని నష్టము తగ్గును.

9. చేయవలసిన కార్యముల క్రమము

(క) ఉత్తర కార్తెకు పూర్వము: బ్లీచింగ్ పౌడరు బలమును పరీక్షించి నిలువచేయుట, క్లోరోస్కోపులు, ఓఆర్ఎస్ పొట్లములు, విషహరౌషధము ప్రతి ప్రాథమికారోగ్య కేంద్రమున నున్నవో లేవో కన్నులార చూచుట, లంక గ్రామములలో ప్రసవము సమీపించిన స్త్రీల పట్టికను, క్షయకు మధుమేహమునకు నిత్యము మందు వాడువారి పట్టికను సిద్ధపఱచుట.

(చ) ఎగువ జిల్లాలకు నారింజ లేక ఎఱుపు రంగు సూచన వచ్చినపుడు: స్థానికముగా ఎండ కాయుచున్నను బుడమేటి, తమ్మిలేటి మట్టములను దినమునకు రెండు మాఱులు తెప్పించుకొనుట, పై పట్టికలోని గర్భిణులను దారి మునుగకముందే ఆసుపత్రి గల యూరికి చేర్చుట, నిత్యరోగులకు రెండు వారముల మందు ముందుగా నిచ్చుట, పంచాంగమున పౌర్ణమి, అమావాస్య లెంత దవ్వున నున్నవో చూచుకొనుట.

(ట) నీరు నిలిచిన దినములలో: శిబిరములందు శుద్ధజలము, మరుగుదొడ్లు, చేతులు కడుగుకొను సబ్బు, విరేచన రోగుల సంఖ్య ప్రతిదినము సాయంకాలము పైయధికారికి తెలుపుట.

(త) నీరు తీసిన రెండు వారములు: బావుల శుద్ధి, గుంటల పూడిక, కళేబరముల పాతరవేత, ఇంటింటి విరేచన పరీక్ష.

(ప) మూడవ వారము మొదలు ఎనిమిదవ వారము వఱకు: ప్రతి జ్వరరోగి రక్తపరీక్ష, వారపు పాత్రల శుభ్రత, మెదడువాపు జ్వరమునకు టీకా నిర్ణయింపబడిన తావులందు తప్పిన బిడ్డలకు టీకా, అదనపు సిబ్బందిని నిలిపియుంచుట.

ఈ లెక్క వర్షము నిలిచిన దినమునుండి గాక ప్రతి గ్రామమున నీరు తీసిన దినమునుండి ఆరంభింపవలయును. మెరక గ్రామమునకును లంక గ్రామమునకును నడుమ ఈ తేదీలలో వారము పది దినముల భేదముండుట గలదు. కావున ప్రతి గ్రామమునకు నీరు తీసిన తేదీని వేఱువేఱుగా దస్త్రమున వ్రాయించి, దానినిబట్టియే శిబిరములను మూయుటయు, సిబ్బందిని మరలించుటయు నిర్ణయింపవలయును.